ఊడిన పొగగొట్టం

జనవరి 6

బాయిలర్ మళ్ళీ మొరాయించింది. గోడమీది పెట్టెలో ఎర్రదీపం మిణుకు మిణుకుమంటోంది. మీట నొక్కితే గుర్రుమంటుంది, కాసేపు మండుతుంది, తుస్సుమంటుంది. నేల కింద గొట్టాల్లో వేడినీళ్ళు తిరగకపోతే ఈ ఇల్లు ఇల్లే కాదు. మా తేబెక్ ఊళ్ళో జనవరి అంటే కొండమీది చలి. చాప మీద కూర్చుంటే ఐసు మీద కూర్చున్నట్టుంది.

మెకానిక్ తక్‌కి ఫోన్ చేశాను. "పిన్నిగారూ, ఊళ్ళో ఉన్న బాయిలర్లన్నీ ఒక్కసారే పడకేశాయి. నాకున్నవి రెండే చేతులు. కాస్త ఓపిక పట్టండి" అన్నాడు.

రెండు కోట్లు తొడుక్కుని ఇది రాస్తున్నాను. పోయిన ఏడాది ఇలా ఆగిపోతే మా ఆయన్ని తిట్టేదాన్ని. ఇప్పుడు బాయిలర్‌ని తిట్టాను. అది తిరిగి ఏమీ అనదు.

జనవరి 9

తక్ వచ్చాడు. మసి తుడిచాడు, ఏదో తిప్పాడు, అంటుకుంది. పాత సరుకు, ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. నేల వెచ్చబడగానే ప్రాణం లేచొచ్చింది.

ఈసారి చలికాలం మొదట్లోనే కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ షీటు అతికించేశాను, సందుల్లో కాగితం కూరాను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ పని సాగనిచ్చేవాడు కాదు. గనిలో మింగిన బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంది. మూసిన గదిలో ఊపిరాడేది కాదు. బయట మంచు కురుస్తున్నా సరే, కిటికీ బార్లా తెరిచేవాడు, నేను మూసేదాన్ని. మా కాపురంలో సగం పోట్లాటలు ఆ కిటికీ దగ్గరే జరిగాయి. ఇప్పుడు ఇల్లంతా నా ఇష్టం. హాయిగా ఉంది.

హాయిగా ఏం లేదు.

జనవరి 11

పొద్దుటినుంచీ తలనొప్పి. మధ్యాహ్నం అన్నం తిని నేలమీద నడుం వాల్చాను. కునుకు పట్టబోతుంటే వంటింటి వైపు దగ్గు వినపడింది. రెండు చిన్న దగ్గులు, ఆ తర్వాత ఒక పెద్దది, చివర్న గొంతు సవరింపు. ఆ దగ్గుతో నేను ఒక జీవితకాలం కాపురం చేశాను. పొరబడే ప్రశ్నే లేదు.

లేచి చూస్తే ఎవరూ లేరు. బాయిలర్ చప్పుడే అయ్యుంటుంది.

జనవరి 14

బాయిలర్ రెండు రోజులు ఆగింది, ఇవాళ దానంతటదే అంటుకుంది. ఆగిన రెండు రోజులూ తలనొప్పి లేదు, దగ్గూ లేదు. ఇవాళ రెండూ వచ్చాయి.

పక్కింటి జంగ్‌సన్ వదిన (జంగ్‌సన్ అనే ఊరి నుంచి కోడలిగా వచ్చింది, ఊరంతా ఆమెను అలానే పిలుస్తారు) గిన్నె పట్టుకుని వచ్చింది. నా మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమే, బుగ్గలేంటి అంత ఎర్రగా ఉన్నాయి? ఎవరైనా వచ్చిపోతున్నారా ఏంటి?"

"ఛీ, నోర్ముయ్ వదినా. తల పగిలిపోతోంది."

"పొగ పట్టిందేమో చూసుకో. చిన్నప్పుడు బొగ్గుల పొయ్యి పొగ పట్టి పడిపోతే మా అమ్మ ఇదే తాగించేది. ఇదిగో, తాగు." గిన్నెలో ముల్లంగి ఊరిన పులుపునీళ్ళు. పైన ఐసుముక్కలు తేలుతున్నాయి.

"అది బొగ్గుల కాలం వదినా. నాది కిరసనాయిలు బాయిలర్. దీనికి పొగేంటి?"

"పోనీ తాగవే. తాగితే పోయేదేముంది?"

తాగాను. ఈ ఊళ్ళో మా ఈడువాళ్ళం అందరం ఆ నీళ్ళు తాగి బతికినవాళ్ళమే. నిజంగానే తల కాస్త తేలికపడింది. జాడీడు నేనూ ఊరబెట్టుకున్నాను, పెరట్లో ఉంది.

జనవరి 17

ఇవాళ కనిపించాడు.

అన్నం బల్ల అవతల, నేల అన్నిటికన్నా వెచ్చగా ఉండే చోట, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నమే. మంచు మీది వెలుగు గదంతా ఉంది. బూడిదరంగు స్వెట్టరు వేసుకున్నాడు. భయం వేయలేదు. ఎందుకు వేయలేదో నాకే తెలియదు. మొహం నిండుగా ఉంది, ఆసుపత్రికి పోకముందు ఉన్నట్టు.

"హేరిమ్ అమ్మా, కిటికీ మూసే ఉంది కదా?" అన్నాడు, ఎప్పటిలా మా అమ్మాయి పేరుతోనే పిలిచి.

"ఉంది."

"మంచిదైంది. చలి."

నవ్వొచ్చింది. బతికున్నన్నాళ్ళూ తెరువు తెరువు అని నా ప్రాణం తీసినవాడు పోయాక నా మాట వింటున్నాడు. మనిషి బాగుపడ్డాడు.

జనవరి 18

వచ్చాడు. నేను వాంతి చేసుకుని వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు.

జనవరి 20

బాయిలర్ ఆగింది. తక్ వచ్చి, ఈసారి దీపం పట్టుకుని బాయిలర్ గదిలోకి దూరాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. వచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది.

"పిన్నిగారూ, ఇలా రండి. ఇదిగో, ఈ పొగగొట్టం అతుకు దగ్గర ఊడిపోయింది. పొగ బయటికి పోకుండా నేరుగా మీ వంటింట్లోకి వస్తోంది. అందుకే మంట కూడా నిలవట్లేదు. కిటికీలన్నీ ఇలా సీలు వేశారేంటండీ?"

"చలికి."

"పొగలోని విషవాయువుకి వాసన ఉండదు, రంగుండదు. నిద్రలోనే తీసుకుపోతుంది. తలనొప్పి రాలేదా మీకు?"

"వయసైపోయింది, తలనొప్పి రాకుండా ఉంటుందా?"

"లేనివి కనబడతాయి కూడా. కింద వీధిలో ఒకావిడకి గోడలోంచి గుర్రాలు వచ్చాయట. నవ్వకండి, ఒట్టు. ఆవిణ్ణి స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు."

నాకు గుర్రాలేమీ కనబడలేదని చెప్పాను. అది నిజమే.

అతుకు చుట్టూ వెండిరంగు టేపు బిగించి చుట్టాడు. కొత్త గొట్టం వంజు పట్నం నుంచి రావాలట. టేపు మీద చెయ్యి వేయొద్దని రెండుసార్లు చెప్పాడు.

జనవరి 22

ఇల్లు వెచ్చగా ఉంది. బాయిలర్ ఒక్కసారి కూడా ఆగలేదు. తలనొప్పి లేదు. ఎవరూ రాలేదు.

జనవరి 23

ఎవరూ రాలేదు. అన్నం బల్ల ముందు మధ్యాహ్నమంతా కూర్చున్నాను. నేల మాత్రం కాలుతోంది.

జనవరి 25

పొగగొట్టం మళ్ళీ ఊడింది. వేడికి టేపు జిగురు కరిగి ఉంటుంది. ఈ కాలం టేపులు అంతే.

వచ్చాడు.

జనవరి 28

తక్ వేరే ఇంటికి పోతూ దారిలో చూసిపోదామని దిగాడు. టేపు చూసి నెత్తి గోక్కున్నాడు. "ఇంట్లో ఎలుకలున్నాయా పిన్నిగారూ? చేత్తో ఒలిచినట్టుందే." ఎలుకలున్నాయి అన్నాను. మళ్ళీ చుట్టాడు. ఈసారి మీద తీగ కూడా కట్టాడు.

తీగ విప్పడం అంత కష్టమేమీ కాదు.

నేనేం పిచ్చిదాన్ని కాను. నాకు తెలుసు. కాసేపే. లేవగానే తలుపు తీస్తున్నాను, ముల్లంగి నీళ్ళు రెండు గిన్నెలు తాగుతున్నాను, తగ్గిపోతోంది. ఎవరికి నష్టం? నా ఒళ్ళు, నా ఇల్లు.

ఫిబ్రవరి 1

"హేరిమ్‌కి కొడుకు పుట్టాడట కదా" అన్నాడు.

అవును, ఏడు నెలలు నిండాయి, పేరు దానూ, నీ చెవులే వచ్చాయి అని చెప్పాను. ఆయన పోయిన రెండు వారాలకి పుట్టాడు వాడు. నిండు చూలాలు చావింటికి రాకూడదు, అది మా కట్టు. హేరిమ్ వస్తానని ఫోన్‌లో ఎంత ఏడ్చినా నేనే వద్దన్నాను. తండ్రి మొహం కడసారి చూసుకోలేకపోయింది. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. బిడ్డ పాలు, బిడ్డ పళ్ళు, అవే మాటలు.

"చూడలేదు నేను" అన్నాడు.

ఫిబ్రవరి 5

హేరిమ్ ఫోన్ చేసింది. పిల్లాణ్ణి ఉంచే చోట జ్వరాలు పట్టుకున్నాయట, వారం రోజులు మూసేశారు. అల్లుడికి సెలవు లేదు, దానికీ లేదు.

"నీ దగ్గర ఉంచనామ్మా? బాయిలర్ బాగానే ఉందా?"

"భేషుగ్గా ఉంది. తీసుకురా."

"నిజంగానా? మొన్న ఆగిపోయిందన్నావ్."

"బాగు చేయించానే తల్లీ. తీసుకురా వాణ్ణి."

ఫోన్ పెట్టగానే వెళ్ళి టేపు చుట్టాను. తీగ కట్టాను. పట్టుకారుతో మెలేసి బిగించాను. పిల్లాడు ఉన్నంతకాలం దాని జోలికి పోను. ఇది రాసి పెడుతున్నాను, చదువుకోవడానికి.

ఫిబ్రవరి 8

దానూ వచ్చాడు. హేరిమ్ వాణ్ణి దించి, అన్నం కూడా తినకుండా బస్సెక్కింది. వెచ్చటి నేల మీద చొక్కా లేకుండా పాకుతున్నాడు. నేలంతా చొంగ. జంగ్‌సన్ వదిన వచ్చి ఎత్తుకోబోతే ఆమె ముక్కు పట్టుకుని లాగాడు. "ఓరి దొంగా, తాత బుద్ధులే వచ్చాయిరా నీకు" అని మురిసిపోయింది.

ఇల్లు నిండుగా ఉంది. ఆయన రాలేదు.

ఫిబ్రవరి 9

చూడకుండానే పోయాడు కదా మనిషి. ఒక్కసారి చూస్తే ఏమైంది?

పిల్లాణ్ణి వెనక గదిలో పడుకోబెడతాను, తలుపు వేస్తాను. ఆయన ముందు గదిలోకే వస్తాడు. తలుపు సందులోంచి చూపిస్తాను. ఇందులో తప్పేముంది? కాసేపే.

ఫిబ్రవరి 10

పిల్లాడు బాగున్నాడు. డాక్టరు చెప్పాడు. పిల్లాడు బాగున్నాడు.

ఫిబ్రవరి 13

ఇవాళ రాయడానికి కూర్చున్నాను. రాయకపోతే నేనే దీన్ని మరోలా చెప్పుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పదో తేదీ, అన్నాలయ్యాక, తీగ విప్పాను. నేనే విప్పాను. ఎలుకలు లేవు, జిగురు కరగలేదు. ప్రతిసారీ నేనే.

పిల్లాడు వెనక గదిలో నిద్రపోతున్నాడు. నేను ముందు గదిలో కూర్చున్నాను. కాసేపటికి వచ్చాడు, ఎప్పటి చోటనే కూర్చున్నాడు.

"ఏడీ వాడు?"

"పడుకున్నాడు. తలుపు సందులోంచి చూద్దువు గాని, రా."

"ఇక్కడికే తీసుకురా. ఇక్కడ వెచ్చగా ఉంది."

నేను తీసుకురానన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. ఆ తర్వాత చూస్తే పిల్లాడు నా చేతుల్లో ఉన్నాడు, నేను వాణ్ణి ఆ వెచ్చటి చోట పడుకోబెడుతున్నాను. ఆయన వంగి చూశాడు. వాడు కళ్ళు తెరిచి ఊ ఊ అన్నాడు, చెయ్యి ఊపాడు, మళ్ళీ నిద్రలోకి జారాడు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంట్లో ముగ్గురం ఉన్నాం. బుగ్గలు ఎర్రగా, బొమ్మలా ఉన్నాడు పిల్లాడు.

పాల వేళ దాటింది. సీసా నోటికి ఆనించాను. చప్పరించలేదు. పాలు మూతి పక్కనుంచి కారిపోయాయి.

"లేపకు. ఎంత బాగా పడుకున్నాడో చూడు" అన్నాడాయన.

నిజమే అనిపించింది. నా తల దిమ్మెక్కింది, అలవాటుగా ముల్లంగి నీళ్ళ గిన్నె అందుకుని తాగాను. సగం మిగిల్చాను. చెంచా కోసం వెతికాను, పిల్లాడికి పట్టడానికి. చెంచా నోటి దగ్గరికి పోనిచ్చి ఆగిపోయాను. పళ్ళు కూడా రాని పిల్లాడికి ఈ పులుపునీళ్ళు గొంతులో ఎలా పోస్తాను? అప్పుడు తట్టింది. ఈ నీళ్ళు తాగించాల్సిన పరిస్థితి వాడికి వచ్చిందని నాకు తెలుసన్నమాట. తెలిసే కూర్చున్నానన్నమాట.

లేవబోతే కాళ్ళు ఆడలేదు. చేతుల మీద పాకి కిటికీ దగ్గరికి పోయాను. అన్నం బల్ల మీది కత్తెరతో ప్లాస్టిక్ చీల్చాను.

"తెరవకు. చలి" అన్నాడు వెనకనుంచి. "హేరిమ్ అమ్మా, తెరవకు. పిల్లాడికి చలి."

ఎప్పటి గొంతే. కానీ దగ్గు లేదు. చాలా రోజులనుంచి దగ్గు లేదు, నేను గమనించనేలేదు. చివరికి ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని కూడా, ఆసుపత్రి మంచం మీదనుంచి కిటికీ వైపు వేలు చూపించినవాడు మా ఆయన. గనిలో పొగ పట్టిన మనుషుల్ని భుజం మీద మోసుకొచ్చినవాడు. పసివాడున్న గదిలో కిటికీ తెరవొద్దనే మాట ఆయన నోట రాదు. చచ్చినా రాదు.

నా వెనక కూర్చున్నది ఎవరో నాకు తెలియదు. ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి నాకు భయం వేయడం.

కిటికీ రెక్క లాగాను, చల్లగాలి మొహాన కొట్టింది. పిల్లాణ్ణి చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో పాకుతూ వాకిలి దాటి మంచులోకి పడ్డాను. "వదినా!" అని అరిచాను. అరుపు వచ్చిందో లేదో తెలియదు. జంగ్‌సన్ వదిన గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఇదిగో, ఇదిగో, నీళ్ళు..."

"అది కాదు వదినా! అంబులెన్సు!"

పిల్లాడు కదల్లేదు. వాడి చెంపలు మంచుతో తుడిచాను, వీపు రుద్దాను, దేవుళ్ళందరినీ తిట్టాను. ఉన్నట్టుండి వాడు కక్కుకుని కెవ్వుమన్నాడు. అంతకన్నా మంచి చప్పుడు నేను వినలేదు.

అంబులెన్సు ఎక్కిస్తుంటే ఇంటివైపు చూశాను. నేను తెరిచిన కిటికీ మూసి ఉంది. గాలికి మూసుకుని ఉంటుంది. ఆ రోజు గాలి లేదంటుంది వదిన.

ఫిబ్రవరి 14

ఆసుపత్రికి వచ్చిన హేరిమ్ బిడ్డను గుండెకి అదుముకుని అడిగింది. "బాగు చేయించానన్నావ్ కదమ్మా?"

బాగు చేయించాను, నేనే ఊడదీశాను అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. మొదట దానికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను చూసిన చూపు రాయలేను. "ఇంక నా కొడుకుని ముట్టుకోకు" అంది. న్యాయమే.

ఫిబ్రవరి 18

తక్ కొత్త బాయిలర్, కొత్త పొగగొట్టం బిగించాడు. గోడకి పొగ పసిగట్టే చిన్న గంట పెట్టాడు. పోయేముందు మిగిలిన టేపు చుట్ట తన సంచిలో వేసుకుపోయాడు.

ఇల్లు వెచ్చగా ఉంది. బాయిలర్ చప్పుడు కూడా చేయట్లేదు. ఆ వెచ్చటి చోట నేను కూర్చోలేకపోతున్నాను. అన్నం వంటింట్లోనే నిలబడి తింటున్నాను.

ఫిబ్రవరి 19

హేరిమ్‌కి ఫోన్ చేశాను. తీయలేదు.

ఫిబ్రవరి 21

తీయలేదు. అల్లుడు మాత్రం దానూ ఫోటో పంపాడు. కింద రెండు పళ్ళు కనబడుతున్నాయి.

ఫిబ్రవరి 26

ఇవాళ హేరిమ్ ఫోన్ చేసింది. దాని ఊపిరి వినపడుతోంది. తిడుతుందనుకున్నాను. తిట్టనీ అనుకున్నాను.

"అమ్మా" అంది చివరికి. "నిజంగా నాన్నేనా?"

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"స్వెట్టరు వేసుకున్నాడా? నేను కొన్నదేనా? ... అమ్మా, నా గురించి అడిగాడా? నేను రాలేదని ఏమన్నా అన్నాడా?"

ఆ గొంతు నాకు తెలుసు. తీగ విప్పేటప్పుడు నా గొంతు కూడా అదే. అడిగాడే, కోపం లేదన్నాడే అని ఒక్క మాట చెబితే దానికి ఎంత ఊరటో నాకు తెలుసు. ఆ మాట కోసం అది మళ్ళీ అడుగుతుందనీ తెలుసు. ఇంకా అడుగుతుంది. వంజులో వాళ్ళింట్లో కూడా బాయిలర్ ఉంది. నిజానికి అక్కడ కూర్చున్నది హేరిమ్ సంగతి ఒక్కసారే ఎత్తింది, పిల్లాడి కోసం.

"అక్కడ ఎవరూ లేరే" అన్నాను. "పొగ. అంతే."

ఆ మాటతో ఆయన్ని నా చేతులతో గడప దాటించినట్టయింది. నా గుండె నొప్పెట్టింది. ఉన్నమాట రాస్తున్నాను, ఇప్పటికీ నొప్పెడుతోంది.

"కానీ జూన్‌లో" అన్నాను, "ఆసుపత్రిలో. చివరి పూట. మాస్కు తీయమని సైగ చేశాడు. నర్సు వద్దంటున్నా తీశాను. 'హేరిమ్ నడుం నొప్పి తగ్గిందా' అన్నాడు. తగ్గిందన్నాను. 'బస్సులో రావద్దని చెప్పు, రోడ్డు బాగాలేదు' అన్నాడు. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదే. అదే ఆఖరు."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడగలేదు. నేనూ నోరు తెరవలేకపోయాను."

అది వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఆయన పోయాక మొదటిసారి దానితో కలిసి. మధ్యలో దానూ లేచి వాడూ అందుకున్నాడు. హేరిమ్ ఫోన్ పెట్టలేదు, వాడికి పాలు పడుతూ, "ఇంకా చెప్పమ్మా, ఆ రోజు పొద్దున్నేం తిన్నాడు?" అంది. గంజి రెండు చెంచాలు తిన్నాడని చెప్పాను.